దుకాణం మూతపడ్డాక మట్టిలో దొరికేదీ, దొరకనిదీ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు రెండు విషయాలను జతచేసి ఇచ్చారు. పెద్ద సంస్థల విస్తరణ వల్ల చిన్న వ్యాపారాలు మూతపడటం ఒకటి, అలా మూసుకున్నవారు తోటపనిలో ఊరట పొందడం రెండవది. వీటిని ఒకే ఉపన్యాసంలో మాట్లాడటంలో ఒక ప్రమాదం ఉంది. జీవనాధారం పోగొట్టుకున్న మనిషితో, పోతే పోయింది, నాలుగు మొక్కలు పెంచుకో అని చెప్పినట్టు వినిపించవచ్చు. ఆ మాట చెప్పడానికి నేను రాలేదు. వాణిజ్యశాస్త్రం బోధించినవాడిగా, తీరిక దొరికినప్పుడల్లా మట్టిపని చేసేవాడిగా ఈ రెండింటి మధ్య నాకు కనిపించిన సంబంధాన్ని మీ ముందుంచుతాను. దుకాణంతోపాటు ఆదాయం ఒక్కటే పోదు. పోయినవాటిలో కొన్నింటిని తోట తిరిగి ఇవ్వగలదు, కొన్నింటిని ఎంత శ్రమించినా ఇవ్వలేదు. ఆ తేడా తెలియకుండా తోటలోకి దిగినవారు మొదటి పంట పోగానే రెండోసారి ఓడిపోయామనుకుంటారు.

ముందుగా దుకాణం ఎందుకు మూతపడిందో మాట్లాడుకోవాలి. ఎందుకంటే మూసుకున్నవారు తరచుగా తమనే నిందించుకుంటారు. ఉద్యోగం పోయినవాడికి యజమాని మీద కోపం తెచ్చుకునే వీలైనా ఉంటుంది. సొంత వ్యాపారం చేసినవాడికి ఆ వీలు కూడా ఉండదు; యజమానీ తానే, పోగొట్టుకున్నదీ తానే. సరుకు మార్చి ఉండాల్సింది, అరువు ఇవ్వకుండా ఉండాల్సింది, ఆ మూల దుకాణం తీసుకోకుండా ఉండాల్సింది అంటూ లెక్క వెనక్కి నడుస్తూనే ఉంటుంది. ఆ లెక్కలో కొంత నిజం ఉండవచ్చు. అయితే ఆ లెక్కలోకి అసలు రాని అంకెలు కొన్ని ఉన్నాయి, వాటిని చూడకుండా తీర్పు చెప్పుకోవడం న్యాయం కాదు.

వాటిలో మొదటిది కొనుగోలు ధర. వేల శాఖలున్న సంస్థ ఒక వస్తువును నేరుగా ఉత్పత్తిదారు దగ్గర కొంటుంది. ఒకే దుకాణం ఉన్న వర్తకుడు అదే వస్తువును ఇద్దరు ముగ్గురు మధ్యవర్తుల చేతులు దాటాక కొంటాడు. పెద్ద సంస్థ అమ్మే ధర చిన్న వర్తకుడు కొనే ధర కంటే తక్కువగా ఉండే సందర్భాలు కూడా ఉంటాయి. అటువంటప్పుడు ఎంత నేర్పరి అయినా, ఎంత తెల్లవారుజామున దుకాణం తెరిచినా ఆ పోటీలో నెగ్గలేడు. పైగా పెద్ద కొనుగోలుదారుకు ఇచ్చిన రాయితీని ఉత్పత్తిదారు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కనుక చిన్నవారికి అమ్మే ధరను పెంచే అవకాశం ఉంది. ఆర్థికవేత్తలు దీన్ని నీళ్ల పరుపు ప్రభావం అంటారు. ఒక పక్క అణచితే మరో పక్క ఉబుకుతుంది. ఇది అన్ని వస్తువుల్లోనూ ఒకే తీరుగా జరుగుతుందని చెప్పలేము గానీ, జరిగినచోట మాత్రం ఒకే ఒప్పందం చిన్న వర్తకుణ్ణి రెండుసార్లు దెబ్బతీస్తుంది.

రెండవది నష్టాన్ని భరించే శక్తి. 1994లో మొదలైన అమెజాన్ సంస్థ ఒక పూర్తి సంవత్సరానికి లాభం చూపించింది 2003లో. అన్నేళ్లపాటు నష్టాన్ని మోయడానికి పెట్టుబడిదారులు సిద్ధపడ్డారు. వారి ఆశ రేపటి విస్తృతి మీద. ఆ పని సరైనదా కాదా అనే చర్చ పక్కన పెడదాం. చిన్న వర్తకుడికి అంత గడువు ఎవరిస్తారు? మూడు నెలలు అద్దె బకాయి పడితే ఇంటి యజమాని వాకిట్లో నిలబడతాడు, రెండు వాయిదాలు తప్పితే బ్యాంకు నోటీసు పంపుతుంది. ఇద్దరి పక్కనా ఒకే గడియారం లేదన్నమాట. ఎక్కువకాలం నష్టపోగలిగినవాడు మిగిలే పోటీని సామర్థ్య పరీక్ష అని పిలవడానికి నా మనసు ఒప్పదు.

మూడవది సమాచారం. ఇతరుల సరుకును తన వేదిక మీద అమ్మనిస్తూ, అదే వేదిక మీద తన సరుకును కూడా అమ్మే సంస్థకు ఏ వస్తువు ఎక్కడ, ఎంత ధరకు, ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తుంది. అమ్మకందారు ఏళ్ల తరబడి కూడగట్టుకున్న ఎరుక ఆ సంస్థకు ఒక పట్టికగా అందుతుంది. యూరోపియన్ యూనియన్ తరఫున పోటీ చట్టాలను అమలు చేసే యూరోపియన్ కమిషన్ ఈ విషయం మీదే విచారణ జరిపింది. స్వతంత్ర అమ్మకందారుల బహిరంగం కాని సమాచారాన్ని తన సొంత చిల్లర వ్యాపారానికి వాడుకోబోనని అమెజాన్ ఇచ్చిన హామీని 2022 డిసెంబరులో ఆ కమిషన్ కట్టుబడి ఉండవలసిన షరతుగా చేసింది.

ఇవేవీ నిన్నమొన్న పుట్టిన సమస్యలు కావు. గ్రేట్ అట్లాంటిక్ అండ్ పసిఫిక్ టీ కంపెనీ అనే అమెరికా కిరాణా సంస్థకు 1930 నాటికే 15 వేలకు పైగా దుకాణాలు ఉండేవి. దాని ధాటికి తట్టుకోలేని చిన్న వర్తకుల ఆందోళన నుంచే 1936లో రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం వచ్చింది. అమ్మడానికయ్యే ఖర్చులో నిజమైన తేడా లేకుండా ఒకే సరుకును ఒకరికి ఒక ధరకూ, పోటీదారుకు మరో ధరకూ అమ్మి పోటీని దెబ్బతీయకూడదన్నది దాని సారం. ఫ్రాన్సు 1973లో రాయే చట్టంతో ఒక పరిమాణం మించిన దుకాణాలకు స్థానిక సంఘం అనుమతి తప్పనిసరి చేసింది. అదే సంవత్సరం జపాను కూడా పెద్ద దుకాణాల చట్టం చేసి, చుట్టుపక్కల వర్తకుల మాట వినక తప్పని పరిస్థితి కల్పించింది. 2000లో దాన్ని తొలగించి మరో చట్టం తెచ్చింది. 1981లో ఫ్రాన్సు పుస్తకాల ధరను ప్రచురణకర్తే నిర్ణయించాలని, ఏ దుకాణమైనా 5 శాతానికి మించి తగ్గించరాదని శాసించింది. అక్కడ ఊళ్లలో చిన్న పుస్తక దుకాణాలు నిలదొక్కుకోవడానికి ఆ చట్టం ఒక ముఖ్య కారణమని చాలామంది భావిస్తారు.

ఈ చట్టాలన్నీ మంచివేనని నేను అనడం లేదు. కొన్ని వినియోగదారులకు భారమయ్యాయి, కొన్ని స్థానిక సంఘాల్లో లంచాలకు దారితీశాయన్న విమర్శలున్నాయి, రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టాన్ని అమెరికా ప్రభుత్వమే 1980ల నుంచి చాలా ఏళ్లపాటు దాదాపు అటకెక్కించింది. వినియోగదారు చెల్లించే ధర తగ్గితే చాలు, మిగతాదంతా సర్దుకుంటుందన్న ఆలోచన ఆ కాలంలోనే బలపడింది. అయినా ఇంత చరిత్ర మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. పెద్ద సంస్థ ఎంత పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది మనుషులు చట్టసభల్లో కూర్చుని నిర్ణయించిన విషయం. ఒక దేశం ఒకలా నిర్ణయించింది, మరో దేశం మరోలా. ఒకే దేశం ఒక తరంలో ఒకలా, మరో తరంలో మరోలా నిర్ణయించింది. ఈ సంగతిని గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, తోట దగ్గరికి వచ్చాక దీనితో మనకు పని ఉంటుంది.

రెండో పక్షం మాట కూడా చెప్పాలి. చిన్న దుకాణమైనంత మాత్రాన మంచి దుకాణం అయిపోదు. తూకంలో మోసం చేసినవారు, పనివాళ్లను వేధించినవారు, ఎదురుచెప్పిన కొనుగోలుదారును అవమానించినవారు చిన్నవారిలోనూ ఉన్నారు. ధర తగ్గినప్పుడు తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి కలిగే మేలు చిన్నది కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కెన్నెత్ స్టోన్ అనే ఆర్థికవేత్త 1980ల చివరినుంచి వాల్‌మార్ట్ ప్రభావాన్ని పరిశీలించారు. ఆ సంస్థ వచ్చిన ఊళ్లో అది అమ్మని వస్తువులూ సేవలూ అందించే దుకాణాలు కొన్ని లాభపడ్డాయని ఆయన గమనించారు. అవే వస్తువులు అమ్మేవారు నష్టపోయారు. కొనేవారంతా ఆ ఊరికి తరలిపోవడంతో చుట్టుపక్కల చిన్న ఊళ్లు మరింత దెబ్బతిన్నాయి. అంటే ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అన్నదాన్ని చాలావరకు తేల్చింది వారు నిలబడిన చోటు, వారు అమ్మిన సరుకు. వ్యక్తిగత దక్షత పాత్ర ఉంది. మనం రాత్రిళ్లు నిద్రపట్టక ఊహించుకున్నంత మాత్రం లేదు.

సరే, దుకాణం మూతపడింది. ఏం పోయింది? ఆదాయం సంగతి అందరికీ తెలుసు. మిగతాది తెలుసుకోవడానికి ఇప్పటికీ నాకు అన్నిటికంటే బాగా ఉపయోగపడేది దాదాపు వందేళ్ల నాటి పరిశోధన ఒకటి. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది, ప్రపంచ ఆర్థిక మహామాంద్యం దెబ్బకు ఆ మిల్లు మూతపడింది. మారీ జహోదా, పాల్ లాజర్స్‌ఫెల్ద్, హాన్స్ జైజెల్ అనే యువ పరిశోధకులు బృందంగా అక్కడికి వెళ్లి, కుటుంబాలతో కలిసిమెలిసి, చూసినదాన్ని 1933లో ప్రచురించారు. తీరిక దొరికింది కనుక మనుషులు ఎక్కువ చదువుతారని ఎవరైనా అనుకుంటారు. అక్కడ గ్రంథాలయంలో రుసుము తీసేసిన తరువాత కూడా జనం తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య తగ్గిపోయింది. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది, అడుగడుగునా ఆగిపోయేవారు. నిన్న పొద్దున్నించి ఏం చేశారని అడిగితే గంటలకు గంటలు ఎలా గడిచాయో వాళ్లు చెప్పలేకపోయేవారు. ఆడవాళ్ల సంగతి వేరు, ఇంటిపని వాళ్లను వదలలేదు కనుక వాళ్ల రోజుకు ఒక ఆకారం మిగిలింది.

జహోదా ఆ తరువాత చాలా ఏళ్లు ఈ విషయం మీదే ఆలోచించి, మనిషికి పని జీతంతోపాటు ఇచ్చేవాటిని గుర్తించారు. రోజుకు ఒక క్రమం, ఇంటివాళ్లు కాని మనుషులతో రోజువారీ పరిచయం, నలుగురితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావన, సమాజంలో ఒక గుర్తింపు, చేతులకు ఎడతెగని పని. ఆమె మాట్లాడింది మిల్లు కార్మికుల గురించి. దుకాణదారు విషయంలో మరొకటి కలపాలి, అది నిర్ణయం తీసుకునే అలవాటు. ఏ సరుకు తెప్పించాలి, ఎవరికి అరువు ఇవ్వాలి, దేని ధర తగ్గించి వదిలించుకోవాలి అంటూ రోజంతా చిన్న చిన్న నిర్ణయాలతో గడిపిన మనసుకు ఒక్కసారిగా నిర్ణయించడానికి ఏమీ లేకుండా పోతుంది. ఏళ్ల తరబడి గల్లాపెట్టె వెనక కూర్చున్నవారు ఇంట్లో అలమరలు సర్దుతూ, వంటింటి డబ్బాల మీద పేర్లు రాసి అంటిస్తూ ఇంటిల్లిపాదినీ విసిగించడం మీరు చూసే ఉంటారు. ఆ మనిషికి పిచ్చి పట్టలేదు. మనసుకు అలవాటైన పని దొరక్క అది వెతుక్కుంటోంది.

మారియెంతాల్ నుంచి మరో విషయం. ఆ ఊరి కుటుంబాలలో చాలామందికి చిన్న చిన్న తోట ముక్కలు ఉండేవి, వాటిలో బంగాళాదుంపలు, కూరగాయలు పండించుకునేవారు. ఆకలి వాకిట్లో ఉన్న రోజులవి, ప్రతి అడుగు నేలా తిండి పండించాల్సిన రోజులు. అయినా కొన్ని మడుల్లో పూలమొక్కలు కనిపించాయి. కారణం అడిగితే తిండి ఒక్కటే చాలదు, మనసుకూ ఏదో ఒకటి ఉండాలి కదా అన్న అర్థంలో జవాబు వచ్చింది. పరిశోధకులు దాన్ని పొదుపు తెలియనితనానికి ఉదాహరణగా చూశారా, నిబ్బరానికి ఉదాహరణగా చూశారా అన్నదాని మీద వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఆ ఊరి మనుషులు స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయాలలో అది ఒకటిగా కనిపిస్తుంది. అంతకు ముందు వాళ్ల తరఫున అన్నీ మిల్లు నిర్ణయించింది, మిల్లు పోయాక అన్నీ పేదరికం నిర్ణయించింది. ఈ నాలుగు చదరపు అడుగుల్లో ఏం వెయ్యాలన్నది వాళ్లు నిర్ణయించారు.

తోట మనసుకు మేలు చేస్తుందన్న మాట వినీ వినీ అరిగిపోయింది కనుక, ఎంత నిజమో చూద్దాం. 1984లో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు శస్త్రచికిత్స అయిన 46 మంది రోగుల వివరాలు పోల్చి చూశారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇంటికి వెళ్లారని, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారని రాశారు. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆగ్నెస్ వాన్ డెన్ బెర్గ్, ఆమె సహచరురాలు 30 మంది తోటమాలులకు మొదట ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టి, తరువాత సగం మందిని అరగంట తోటపని చేయమన్నారు, సగం మందిని అరగంట చదువుకోమన్నారు. ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గింది. అయితే వాళ్లంతా అప్పటికే తోటపని ఇష్టపడి చేస్తున్నవారు. పైగా అరగంట పరీక్ష తెచ్చిన ఒత్తిడి వేరు, తీరని అప్పు తెచ్చే ఒత్తిడి వేరు. కాబట్టి ఈ ఫలితాలను నేను గౌరవిస్తాను, వాటి మీద ఇల్లు మాత్రం కట్టను.

నా నమ్మకానికి ఆధారం అంతకంటే మామూలు విషయం. తోట రోజుకు క్రమాన్ని తిరిగి ఇస్తుంది, ఆ క్రమం బయటినుంచి వస్తుంది. వాయిదా వేసుకునే అధికారం మనకు ఇవ్వదు. వెచ్చని మట్టిలో నాటిన చిక్కుడు గింజ వారం పది రోజుల్లో మొలుస్తుంది. మిరప దాదాపు రెండింతల సమయం తీసుకుంటుంది. నారు మార్చి నాటిన టమాటా పండు ఇవ్వడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నెలల తరబడి బ్యాంకు కబురు కోసమో, దుకాణం ఖాళీ చేసే తేదీ కోసమో ఎదురుచూసి అలసిన మనిషికి, ఎదురుచూపుకు ఒక చివర ఉండటమే వింతగా ఉంటుంది. మొలకకు ఈ రోజు నీళ్లు కావాలి, రేపు పోస్తానంటే కుదరదు. పొద్దున్నే లేవడానికి ఏ కారణమూ లేకుండా పోయిన ఇంట్లో ఇది చిన్న కారణం కాదు.

నిర్ణయించే అలవాటుకు కూడా తోటలో చేతినిండా పని దొరుకుతుంది. ఆకు పసుపు తిరిగితే నీరు ఎక్కువైందా, పోషకం తక్కువైందా, వేరుకు చోటు చాలలేదా అని ఆలోచించాలి. కింది ఆకులతో మొదలైతే చాలాసార్లు నత్రజని లోపం, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే చాలాసార్లు ఇనుము అందకపోవడం. కుండీ మొక్కలు ఎండి చావడం కంటే నీరు నిలిచి వేరు కుళ్లి చావడమే ఎక్కువ, కాబట్టి రోజూ అలవాటుగా పోయకుండా వేలు ఒక అంగుళం లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. కంపోస్టు కుప్ప మరింత ఆసక్తికరం. ఎండుటాకులు, పచ్చి చెత్త సరైన పాళ్లలో పడి, అంటే కర్బనం దాదాపు 25 నుంచి 30 పాళ్లకు నత్రజని ఒక పాలు చొప్పున ఉండి, గాలీ తడీ అందితే ఆ కుప్ప 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. చెయ్యి పెట్టి చూసి చురుక్కుమని వెనక్కి తీసుకున్న పెద్దమనిషి ముఖంలో ఎంత సంతోషం ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. కుళ్లు వాసన వస్తే ఎండాకు కలపాలి, ఏ కదలికా లేకపోతే పచ్చి చెత్త వేసి తడపాలి. పాత సరుకు, కొత్త సరుకు, రాబోయే సరుకు మూడింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని బతికినవారు ఈ విద్యను ఇతరుల కంటే త్వరగా పట్టుకుంటారు.

ఆ నేర్పులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. వర్తకుడు ఏదైనా లెక్క కడతాడు. ఈ కుండీకి ఎంతయింది, మట్టికి ఎంతయింది, కాసిన కాయలు కొంటే ఎంతకు వచ్చేవి అని మొదటి నెలలోనే చిట్టా తెరుస్తాడు. చిన్న తోట ఆ లెక్కలో దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది, ఎందుకంటే కూరగాయల ధర విషయంలో కూడా పోటీ అదే పెద్ద సంస్థలతో. కొందరు ఇంకొక అడుగు వేసి, మొక్కలు పెంచి అమ్ముదామని పథకం వేస్తారు. నర్సరీ పెట్టుకోవడం మంచి వృత్తే, కానీ దానికి నేల, నీరు, పెట్టుబడి, కొనేవాళ్లు కావాలి. గాయం మానకముందే మరో వ్యాపారంలోకి తోట పేరుతో దూకడం వేరు. కనీసం ఒక ఏడాది తోటకు లెక్క పుస్తకం పెట్టవద్దని నేను సలహా ఇస్తాను. రాయాలనిపిస్తే ఏ తేదీన ఏ గింజ వేశారో, ఎప్పుడు మొలిచిందో రాయండి, ధరలు రాయకండి.

తోట నేర్పే మరో సంగతి గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి, నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. తోటలో నష్టం తప్పదు. జాగ్రత్తగా పెంచిన నారు ఒక రాత్రి నత్తల పాలవుతుంది, పూత మీద ఉన్న మొక్క వడగాలికి పూత రాల్చేస్తుంది. మొదట్లో మనిషి అక్కడా తననే తిట్టుకుంటాడు. రెండు మూడు రుతువులు గడిచాక తన చేతిలో ఉన్నది ఎంత, లేనిది ఎంత అన్న ఎరుక కలుగుతుంది. నీరు ఎక్కువ పోసింది నేనే, గాలి తెచ్చింది నేను కాదు అని విడదీసి చూడగలుగుతాడు. ఈ విడదీయడం అలవాటైన మనసు ఒకనాడు దుకాణం వైపు కూడా తిరిగి, అక్కడా తన తప్పు ఎంతో, తన చేతిలో లేనిది ఎంతో వేరుచేసి చూస్తుంది. రాత్రిళ్లు వెనక్కి నడిచే ఆ లెక్క అప్పటికి కొంత నెమ్మదిస్తుంది. తోటలో దొరికే ఊరటలో పచ్చదనం వాటా కంటే ఈ వివేకం వాటా ఎక్కువని నా అభిప్రాయం.

కానీ ఇక్కడే తోట ఒక తప్పుడు పాఠం కూడా చెప్పగలదు. అన్నీ రుతువులే, వచ్చేవి వస్తాయి, పోయేవి పోతాయి, చిన్నవి పెద్దవాటి నీడలో ఎండిపోవడం ప్రకృతి ధర్మం అన్న ధోరణి మట్టిలో పనిచేసేవారికి తెలియకుండానే అలవడుతుంది. దుకాణం మూతపడటాన్ని కూడా అందులో కలిపేస్తే మనసుకు హాయిగానే ఉంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ కావాలి. 1936లో ఒక చట్టం చేసింది, 1973లో మరొకటి చేసింది, 2000లో ఒకటి తీసేసింది మనుషులే. వడగాలికి చట్టసభ లేదు, టోకు ధరకు ఉంది. నా చేతిలో లేనిదంతా ఎవరి చేతిలోనూ లేదని అనుకోవడం తోట నుంచి బజారుకు మోసుకురాకూడని ఆలోచన.

ఇది నా ఒక్కడి అనుమానం అనుకోకండి. చోటు కోల్పోయినవారి చేతికి తోట అందించడం చరిత్రలో చాలాసార్లు జరిగింది. ఇంగ్లండులో ఊరుమ్మడి భూములను ప్రైవేటు కమతాలుగా మార్చి కంచెలు వేసిన కాలంలో, పశువులు మేపుకునే హక్కు, కట్టెలు ఏరుకునే హక్కు పోయిన పేదల కోసం కొద్దిపాటి తోట నేలలు కేటాయించాలని 1845 నాటి చట్టం చెప్పింది. కంచెలోకి పోయిన భూమితో పోలిస్తే అలా అందినది అత్యల్పం. 1908 నాటి చట్టంతో స్థానిక సంస్థలు అడిగినవారికి తోట ముక్కలు సమకూర్చవలసిన బాధ్యత స్పష్టమైంది, ఆ ఏర్పాటు నేటికీ కొనసాగుతోంది. అమెరికాలో 1893 ఆర్థిక సంక్షోభం తరువాత డిట్రాయిట్ నగర మేయరు హేజెన్ పింగ్రీ ఖాళీ స్థలాలను నిరుద్యోగులకు బంగాళాదుంపలు పండించుకోవడానికి ఇప్పించారు. చాలామంది ఎగతాళి చేశారు, తరువాత ఇతర నగరాలు ఆ పద్ధతినే అనుసరించాయి. వీటిలో దయ ఉంది, ఉపయోగమూ ఉంది. పోయిన పెద్ద హక్కుకు బదులుగా చిన్న ముక్క చేతిలో పెట్టి నోరు మూయించే గుణం కూడా కొంత ఉంది. రోమన్ చక్రవర్తి డయోక్లిషియన్ 305లో సింహాసనం వదులుకుని వెళ్లి క్యాబేజీలు పెంచుకుంటూ, తిరిగి రమ్మన్నవారికి ఆ క్యాబేజీలను చూపించి పంపాడని చెబుతారు. వినడానికి బాగుంటుంది. అయితే అతను తనంతట తాను దిగిపోయినవాడు, దించివేయబడినవారికి ఆ కథను ఆదర్శంగా చెప్పడం కొంచెం మొరటుతనమే.

తోట ఇవ్వలేనివాటి మాట మిగిలింది. అప్పు తీర్చదు. అప్పు ఉన్నవారు మొక్కలకు ముందు కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని, వడ్డీ ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి, వాయిదాల సవరణ గురించి రుణదాతతో రాతపూర్వకంగా మాట్లాడటం మొదలుపెట్టాలి. నిద్ర, ఆకలి పూర్తిగా పోయి బతకాలని లేదన్న ఆలోచనలు వస్తున్నవారికి వైద్యుడు కావాలి, తోట అందుకు బదులు కాదు. ఇక జహోదా చెప్పిన గుర్తింపు, రోజూ నలుగురితో పరిచయం, ఇవి ఒంటరిగా పెరటిలో దొరకవు. దుకాణదారు ఊరిలో ఎవరి పాప ఏ తరగతిలో ఉందో, ఏ ముసలాయన రెండు రోజులుగా కనిపించడం లేదో తెలిసినవాడు. ఆ స్థానం పోవడం తోటతో పూడదు. అందుకే వీలైనచోట పదిమంది కలిసి ఒకే నేల మీద పనిచేసే ఉమ్మడి తోటలను నేను గట్టిగా సమర్థిస్తాను. పక్క మడిలో పనిచేస్తున్న మనిషి కూడా ఒకప్పుడు దుకాణం నడిపినవాడే అయితే, కలుపు తీస్తూ మాట్లాడుకునే మాటలు ఏ సమావేశంలోనూ బయటికి రావు. ముఖాముఖి కూర్చుని చెప్పలేని సంగతులు చేతులు మట్టిలో ఉన్నప్పుడు సులువుగా చెప్పగలుగుతాం.

ఇంకా దుకాణం నడుపుతున్నవారు ఈ సభలో ఉన్నారు కనుక వారికోసం ఒక మాట. 1898లో బెర్లిన్‌లో 21 మంది చిన్న వర్తకులు కలిసి సరుకు ఉమ్మడిగా కొనడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నం నుంచి ఎదిగిన ఎడెకా నేడు జర్మనీలో అతిపెద్ద సూపర్‌మార్కెట్ సమూహం. అది కూడా ఇప్పుడు తక్కిన పెద్ద సంస్థల్లాగే సరఫరాదారుల మెడలు వంచుతుందన్న విమర్శ ఉంది; కథలన్నీ మనకు కావలసినట్టు ముగియవు. అయినా కొనుగోలు ధరలో తేడా అనే మొదటి సమస్యకు విడివిడిగా జవాబు లేదని, కలిసి కొంటే ఉందని ఆ 21 మంది చూపించారు. ఒకే వీధిలో ఉన్న నలుగురు పోటీదారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కష్టమే. ఉమ్మడి తోటలో నీళ్ల వంతు గురించి తగవులాడి రాజీపడినవారికి అది కాస్త తక్కువ కష్టం కావచ్చు.

మొదలుపెట్టాలనుకునేవారికి నాలుగు ఆచరణ విషయాలు చెప్పి ముగిస్తాను. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటు చూసుకోండి, అది లేకపోతే కాయలు కాసే మొక్కలు వద్దు, ఆకుకూరలతో సరిపెట్టుకోండి. మేడ మీద పెంచాలనుకునేవారు బరువు మరిచిపోవద్దు. ఒక ఘనపు మీటరు తడి మట్టి ఒకటిన్నర టన్నులకు తగ్గదు, కాబట్టి పైకప్పు దాన్ని మోస్తుందో లేదో ముందుగా తెలిసినవారిచేత చూపించండి. గింజను దాని మందానికి రెండు మూడు రెట్ల లోతున వేస్తే చాలు, లోతుగా పాతితే పైకి రాదు. మొదట చిక్కుడు జాతి మొక్కలు వేయండి, త్వరగా మొలుస్తాయి, వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి కనుక బలహీనమైన మట్టిలోనూ నిలబడతాయి. ఉమ్మడి తోట పెట్టుకునేవారు మొదటి రోజే మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: నీళ్లు ఎవరు ఏ రోజు పెడతారు, కాసినవి ఎలా పంచుకుంటారు, ఎవరైనా నెల రోజులు రాకపోతే ఆ మడిని ఏం చేస్తారు. స్నేహం మీద నమ్మకంతో రాయకుండా వదిలేసిన ఒప్పందాలు దుకాణాల్లో ఏమయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నా మాటలు ఇంతటితో ఆపి మీ ప్రశ్నలు వింటాను. మొక్కల గురించే అడగాలని లేదు, అద్దె ఒప్పందాల గురించి, వాయిదాల గురించి కూడా అడగవచ్చు, తెలిసినంతవరకు చెబుతాను.